కుక్కపిల్లను కొనే ముందు: పుట్టుక కాగితం, నడవడి కాగితం



ఈసారి పాఠం కుక్కల గురించి. ఇదేం పాఠం అనుకోకండి. మన వాడల్లోకి కూడా ఇప్పుడు జాతి కుక్కలు వస్తున్నాయి. ఉద్యోగం వచ్చిన అబ్బాయి లాబ్రడార్ కావాలంటాడు. చదువుకునే అమ్మాయి పగ్ కావాలని మారాం చేస్తుంది. ఇంకో పక్క, డిగ్రీ చేసి పని దొరకని కుర్రాళ్లు "రెండు ఆడకుక్కలు కొని పిల్లల్ని అమ్ముకుంటే నెల గడిచిపోతుంది కదన్నా" అని అడుగుతున్నారు. కొనేవాళ్లూ మనవాళ్లే, అమ్మాలనుకునేవాళ్లూ మనవాళ్లే. పంచశీలలో మొదటి శీలం ప్రాణి గురించే కాబట్టి ఇది మన అధ్యయనంలోకి వస్తుంది.

రెండు కాగితాలు

జాతి కుక్క కొనడానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ఏమిటి? "సర్టిఫికెట్ ఉందా?" అని. అంటే ఆ పిల్ల తండ్రి ఎవరు, తల్లి ఎవరు, తాత ఎవరు అని రాసిన వంశావళి. అది పుట్టుక కాగితం. అది ఉంటే ధర పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది.

ఇంకో కాగితం ఉంది. దాన్ని దాదాపు ఎవరూ అడగరు. ఆ కుక్కల్ని పెంచే చోటికి పశువైద్యుడో, బోర్డు మనిషో ఎప్పుడు వెళ్లారు? ఎన్ని కుక్కలు చూశారు? బోన్లు ఎలా ఉన్నాయి? తల్లికుక్క ఎన్నిసార్లు ఈనింది? ఏ లోపం రాశారు? దాన్ని సరిచేశారా? ఇది తనిఖీ రికార్డు. పెంచేవాడి నడవడి కాగితం అన్నమాట.

పుట్టుకను బట్టి కాదు, చేసే పనిని బట్టి మనిషిని చూడాలని బుద్ధుడు చెప్పాడు. వాసెట్ఠ సుత్తంలో ఇద్దరు బ్రాహ్మణ యువకుల వాదాన్ని తీరుస్తూ ఆయన ఇదే విషయం వివరించాడు. జంతువుల్లో పుట్టుకతో వచ్చే తేడాలు కంటికి కనిపిస్తాయి, మనుషుల్లో అలాంటివి లేవు అన్నాడు. ఒప్పుకుందాం, కుక్కల్లో జాతులు కనిపిస్తాయి. కానీ కుక్క పుట్టుకను చెప్పే కాగితం, దాన్ని పెంచిన మనిషి ఎలాంటివాడో చెప్పదు. ఆ మనిషిని తూచాలంటే రెండో కాగితమే కావాలి. ఈ పాఠం సారాంశం ఇంతే. మిగతాదంతా దాన్ని ఎలా అడగాలి, ఎలా చదవాలి అన్నదే.

కుక్కుర జాతకం

జాతక కథల్ని మనం పూర్వజన్మ చరిత్రలుగా నమ్మం. నీతి కథలుగా చదువుకోవచ్చు. వాటిలో కుక్కుర జాతకం మన విషయానికి సరిగ్గా సరిపోతుంది.

వారణాసి రాజు రథం రాత్రి వానలో తడిసింది. పొద్దున చూస్తే దాని తోలు పట్టీల్ని కుక్కలు కొరికి తినేశాయి. "ఊరకుక్కలు తూములోంచి వచ్చి తిన్నాయి" అని భటులు చెప్పారు. కుక్క కనిపిస్తే చంపమని రాజు ఆజ్ఞ వేశాడు. ఒక్క మినహాయింపు: అంతఃపురంలో పెరిగే జాతి కుక్కల జోలికి పోకూడదు. శ్మశానంలో ఉండే ఒక కుక్క ధైర్యం చేసి రాజు ముందుకు వచ్చింది. తిన్నది ఎవరో చూశారా, తేల్చారా అని అడిగింది. మజ్జిగలో గడ్డి నూరి కలిపి మీ ఇంటి కుక్కలకు పట్టించండి అంది. అలా పట్టిస్తే అంతఃపురం కుక్కలే తోలు ముక్కలు కక్కాయి.

నేరం మోపింది పుట్టుకను చూసి, వదిలిపెట్టిందీ పుట్టుకను చూసే. రాజు తనిఖీ చేయలేదు. మన మీద మోపిన నిందలన్నీ ఇలాంటివే కాబట్టి ఈ కథ మనకు తొందరగా అర్థమవుతుంది. ఆ శ్మశానం కుక్క రాజును జాలి అడగలేదు. విచారణ అడిగింది.

చట్టం ఏం చెబుతోంది

మన దేశంలో 1960లో జంతు హింస నిరోధక చట్టం వచ్చింది. దాని కింద కుక్కల పెంపకం, అమ్మకం గురించి 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటిలో మనం గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

- పిల్లల్ని పుట్టించి అమ్మే ప్రతి బ్రీడరూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు కావాలి. ఆ సర్టిఫికెట్‌ను కుక్కలుండే చోట అందరికీ కనిపించేలా పెట్టాలి.
- మగ, ఆడ కుక్కల వివరాలు, మైక్రోచిప్ నంబర్లు, ఈతలు, అమ్మకాలు, చావులు అన్నీ రిజిస్టరులో రాయాలి. ఏడాదికోసారి బోర్డుకు నివేదిక ఇవ్వాలి.
- 18 నెలలు నిండని కుక్కను జత కట్టించకూడదు. వరసగా రెండు ఎదల్లో ఈనించకూడదు. ఒక ఆడకుక్క జీవితంలో 5 ఈతలు మించకూడదు. 8 ఏళ్లు దాటాక అసలే వద్దు.
- 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు, మైక్రోచిప్ వేశాకే అమ్మాలి.
- బోర్డు అధికారమిచ్చినవాళ్లు ఆ చోటును తనిఖీ చేయవచ్చు. నియమాలు తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు.

ఇవి కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ 1960 చట్టంలో జంతు హింసకు మొదటిసారి వేసే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. లాబ్రడార్ పిల్ల ధర ముందు అది టీ ఖర్చు. జరిమానాకు భయపడి ఎవరూ మారరు. అడిగే మనుషులుంటేనే ఈ నియమాలకు ప్రాణం. అంటరానితనం నిషేధించిన చట్టం విషయంలో మనం చూసింది కూడా ఇదే కదా. చట్టం వచ్చినంత మాత్రాన హోటళ్లలో రెండు గ్లాసులు పోలేదు. వెళ్లి అడిగినవాళ్లున్న చోట పోయాయి.

తనిఖీ రికార్డును ఎలా చదవాలి

రికార్డు చేతికొచ్చిందనుకుందాం. అందులో "అంతా బాగుంది" అని ఒక్క మాట ఉంటే నమ్మేసి మూసేయకండి. ఐదు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, తేదీ. చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది? రిజిస్ట్రేషన్ ఇచ్చే ముందు ఒకసారి వెళ్లి మళ్లీ ఎవరూ వెళ్లకపోతే, మీరు చదువుతున్నది పాత సంగతి. చెప్పి వెళ్లారా, చెప్పకుండా వెళ్లారా అన్నది కూడా చూడండి. చెప్పి వెళితే కడిగిన నేలే కనిపిస్తుంది.

రెండోది, ఎవరు. పశువైద్యుడు వెళ్లాడా? సంతకం కింద పేరు, హోదా ఉన్నాయా?

మూడోది, లెక్క. ఆ రోజు ఎన్ని పెద్ద కుక్కలు, ఎన్ని పిల్లలు ఉన్నాయని రాశారు? రిజిస్టరులోని సంఖ్యతో అది కలుస్తోందా?

నాలుగోది, లోపం. ఏం తప్పు రాశారు? అన్ని తప్పులూ ఒకటి కావు. గోడకు సున్నం లేదనడం వేరు, నీళ్ల గిన్నె ఎండిపోయి ఉందనడం వేరు, పుండు పడిన కుక్కకు వైద్యం చేయించలేదనడం వేరు. కుక్క ఒంటి మీద ఇప్పుడే బాధ పెడుతున్న లోపాన్ని ముందు చూడండి.

ఐదోది, మళ్లీ అదేనా. ఒకసారి రాసిన లోపం తర్వాతి తనిఖీలో కూడా ఉందా? ఒక తప్పు పొరపాటు కావచ్చు. అదే తప్పు రెండోసారీ మూడోసారీ కనిపిస్తే అది ఆ వ్యాపారం నడిచే పద్ధతి.

కొలబద్ద ఏమిటి అంటారా? 2014 మేలో జల్లికట్టు, ఎడ్ల పందేల కేసులో సుప్రీంకోర్టు జంతువులకు ఐదు స్వేచ్ఛల్ని గుర్తించింది. ఆకలిదప్పులు లేకపోవడం, ఉండేచోట ఇబ్బంది లేకపోవడం, నొప్పి, గాయం, రోగం లేకపోవడం, భయం, దిగులు లేకపోవడం, తన సహజమైన తీరులో మెలగగలగడం. జల్లికట్టు చట్టం తర్వాత మారింది గానీ, ఈ ఐదూ తనిఖీకి మంచి కొలతలు. రికార్డులోని ఒక్కో వాక్యాన్ని వీటి పక్కన పెట్టి చూడండి.

లెక్క కట్టి చూడండి

రికార్డులో రాయని నిజం కూడా లెక్కలో దొరుకుతుంది. ఉదాహరణకి ఒక బ్రీడరు దగ్గర 6 ఆడకుక్కలు ఉన్నాయని తనిఖీలో రాశారనుకోండి. ఏడాది నివేదికలో 90 పిల్లల్ని అమ్మినట్టు ఉందనుకోండి. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. దాదాపు 63 రోజులు కడుపుతో ఉంటుంది. వరసగా రెండు ఎదల్లో ఈనించకూడదు కాబట్టి, ఏడాదికి ఒక ఈత. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్క ఈతకు ఏడు పిల్లలు వేసినా, 6 కుక్కలకు 42. మరి మిగతా 48 ఎక్కడివి? అయితే తల్లుల్ని విశ్రాంతి లేకుండా ఈనిస్తున్నారు, లేదా లెక్కలో లేని చోట నుంచి పిల్లల్ని తెచ్చి తమవని అమ్ముతున్నారు. రెంటిలో ఏదైనా బోర్డు దృష్టికి తీసుకెళ్లాల్సిందే.

టీకా కార్డును కూడా ఇలాగే చూడండి. కుక్కపిల్లకు మొదటి టీకాలు సాధారణంగా 6 నుంచి 8 వారాల మధ్య మొదలవుతాయి, రేబీస్ టీకా మూడు నెలల వయసు దగ్గర వేస్తారు. పుట్టిన తేదీ, టీకా తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. మైక్రోచిప్ నంబరుకు 15 అంకెలుంటాయి. చిప్ రీడరు ఉన్న పశువైద్యుడి దగ్గర కార్డు మీది నంబరు, పిల్ల ఒంట్లోని నంబరు ఒకటేనా చూపించుకోండి. టీకాలు సరిగా పడని పిల్ల పార్వో వచ్చి వారంలో చనిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఇంట్లో పిల్లలు బెంగ పెట్టుకుంటారు.

రికార్డు ఇవ్వకపోతే

ముందు బ్రీడరునే అడగండి. "రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించండి, చివరి తనిఖీ నివేదిక చూపించండి, తల్లికుక్కను చూడాలి" అని మర్యాదగా మూడు మాటలు. "మీరు రానక్కర్లేదు, బస్టాండుకు తెచ్చి ఇస్తాం" అంటే అక్కడే ఆగండి. ధమ్మానికి ఏహిపస్సికో అని పేరు. వచ్చి చూడు అని దానర్థం. దాచాల్సింది లేనివాడు రమ్మంటాడు.

తర్వాత సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నుంచి ఇది మన చేతిలో ఉంది. పింఛన్లకు, ఇళ్ల స్థలాలకు మనం వాడిన ఆయుధమే. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. ఆఫీసు ఏదో స్పష్టంగా తెలియకపోతే పశుసంవర్ధక శాఖకు పంపినా సరే. తమది కాని దరఖాస్తును 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాల్సిన బాధ్యత వాళ్లదే. ఇలా రాయండి:

"మా జిల్లాలో 2017 నియమాల కింద రిజిస్టరైన కుక్కల బ్రీడర్ల జాబితా ఇవ్వగలరు. ఫలానా కెన్నెల్‌కు సంబంధించి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు, ఇప్పటివరకు జరిగిన తనిఖీల తేదీలు, తనిఖీ నివేదికల నకళ్లు, వార్షిక నివేదికల నకళ్లు, తీసుకున్న చర్యల వివరాలు ఇవ్వగలరు."

ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. రాష్ట్ర స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేయండి. "అది ఆయన వ్యాపార రహస్యం" అంటే, ప్రభుత్వం తరఫున చేసిన తనిఖీ నివేదిక రహస్యం ఎలా అవుతుందని అడగండి. సొంత వివరాలు ఏవైనా ఉంటే వాటిని కొట్టేసి మిగతాది ఇవ్వడానికి చట్టంలోనే దారి ఉంది. "అలాంటి తనిఖీ ఏదీ జరగలేదు" అని జవాబొస్తే నిరాశ పడకండి. అది కూడా ఒక రుజువే. దాన్ని జతచేసి తనిఖీ చేయమని బోర్డుకు అర్జీ పెట్టండి.

అమెరికాలో ఉన్న మన బంధువులకు

ఈ పాఠాలు అక్కడి మన కుటుంబాలు కూడా చదువుతున్నాయి కాబట్టి ఒక మాట. అమెరికాలో 1966 జంతు సంక్షేమ చట్టం కింద పెద్ద బ్రీడర్లకు కేంద్ర వ్యవసాయ శాఖ లైసెన్సు ఇస్తుంది, తనిఖీ చేస్తుంది. ఆ నివేదికలు ఆ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఇంట్లోంచే చూడవచ్చు. 2017 ఫిబ్రవరిలో వాటిని తీసేశారు. జనం గొడవ చేశారు, కోర్టుకెళ్లారు, 2019 చివర్లో అక్కడి పార్లమెంటు ఆదేశించాక 2020లో మళ్లీ పెట్టారు. ఆ నివేదికల్లో జంతువును నేరుగా బాధపెడుతున్న లోపానికి, తీవ్రమైన లోపానికి, మళ్లీ మళ్లీ జరిగిన లోపానికి వేర్వేరు గుర్తులుంటాయి. లోపాలు లేవని ఉంటే కనీస ప్రమాణం దాటినట్టే తప్ప, బాగా చూసుకున్నారని కాదు. నాలుగుకు మించని ఈనే ఆడజంతువులున్న చిన్న బ్రీడర్లకు సాధారణంగా ఆ లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి వెబ్‌సైట్‌లో పేరు లేకపోతే తప్పనీ కాదు, ఒప్పనీ కాదు. అక్కడా వెళ్లి తల్లిని చూడాల్సిందే.

"మనల్ని కుక్కలకన్నా హీనంగా చూశారు కదా?"

ఈ ప్రశ్న ప్రతి సమావేశంలో వస్తుంది, రావాలి కూడా. మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, మనం తాకకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ దోసిలితో ఆ నీళ్లు తాగారు. ఇప్పటికీ కొన్ని బంగళాల్లో కుక్కకు ఏసీ గది, పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు. అలాంటి ఇంట్లో కుక్క మీద చూపించేది కరుణ కాదు. కరుణకు సమత తోడుండాలి. అందుకే బాబాసాహెబ్ ప్రజ్ఞ, కరుణ, సమత అని మూడూ కలిపి చెప్పారు.

అయితే మహాడ్‌లో మనం అడిగిందేమిటో గుర్తుచేసుకోండి. పశువులకు నీళ్లు ఆపమనలేదు. మాకు ఆపొద్దన్నాం. కుక్కకు దక్కిన నీళ్లు మన అవమానానికి కారణం కాదు, మనకు నీళ్లు ఆపిన చెయ్యి కారణం. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ మనతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులందరి మీద దయ చూపడం కూడా ఉంది.

ఇంకో సంగతి. కెన్నెళ్లలో మలం ఎత్తేది, బోన్లు కడిగేది ఎక్కువగా మనవాళ్లే. ఈ నియమాలు జంతువుల కోసం రాసినవి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ పనివాళ్లను కూడా పలకరించండి. కూలి ఎంత, చేతికి తొడుగులున్నాయా, రేబీస్ టీకా వేయించారా అని అడగండి. కుక్కను బాధపెట్టే చోట మనిషిని బాగా చూస్తారని నమ్మడం కష్టం.

ఈ వ్యాపారం చేయవచ్చా?

మన కుర్రాళ్ల ప్రశ్నకు దాటవేయకుండా జవాబు చెప్పాలి. ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఒకటని బుద్ధుడు చెప్పాడు. పాత అట్ఠకథ దీన్ని మనుషుల్ని అమ్మడంగా వివరించింది. ఇప్పుడు చాలామంది దీనిలో జంతువుల్ని కూడా చేర్చి చదువుతారు. బాబాసాహెబ్ అహింసను నియమంగా కాక సూత్రంగా చూశారు. నియమం గుడ్డిగా పాటించేది. సూత్రం మన బుద్ధిని వాడమంటుంది. కాబట్టి బుద్ధి వాడి చూడండి. తల్లికి విశ్రాంతి, మంచి తిండి, టీకాలు, వైద్యం, చిప్పులు, రిజిస్ట్రేషన్ అన్నీ నిజాయితీగా లెక్కేస్తే చేతిలో మిగిలేది ఎంత? చాలాచోట్ల లాభమంతా తల్లికి ఎగ్గొట్టిన దానిలోంచే వస్తుంది. అలా వచ్చే లాభం సమ్మా ఆజీవం కాదు. కుక్కల మీద నిజంగా ఇష్టముంటే పశువైద్య సహాయకుడి శిక్షణ, కుక్కలకు తర్ఫీదు ఇవ్వడం, వీధికుక్కలకు టీకా, ఆపరేషన్ చేసే కార్యక్రమాల్లో పని, ఇలాంటి దారులు ఆలోచించండి.

"స్వచ్ఛమైన జాతి" కోసం దగ్గరి రక్తంలోనే జత కట్టిస్తూ పోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. పగ్‌లకు, బుల్‌డాగ్‌లకు ఊపిరాడదు. జర్మన్ షెపర్డ్‌లకు, లాబ్రడార్లకు తుంటి కీళ్లు అరుగుతాయి. స్వచ్ఛత పిచ్చి ఎవరి ఒంటి మీద పడుతుందో మనకు వేరే చెప్పాలా?

ఒక జాగ్రత్త. బోనులో చిక్కి శల్యమైన పిల్లను చూసి జాలితో కొనేయకండి. మీరిచ్చిన డబ్బుతో ఆ బోనులోకి ఇంకో పిల్ల వస్తుంది. ఫొటో తీయండి, తేదీ రాసుకోండి, బోర్డుకు, పశువైద్యాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. ఇంట్లో కుక్క కావాలంటే వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకోండి. దానికి వంశావళి అక్కర్లేదు, టీకాలు వేయిస్తే చాలు.

ఆదివారం సమావేశంలో చర్చించడానికి

1. కుక్కుర జాతకంలో రాజు చేసిన తప్పు ఏమిటి? మన ఊళ్లో ఇటీవల అలా జరిగిన సంగతి ఏదైనా ఉందా?
2. జాలికీ కరుణకూ తేడా ఏమిటి? బోనులోని పిల్ల ఉదాహరణతో చెప్పండి.
3. 4 ఆడకుక్కలు, ఏడాదికి 60 పిల్లలు అని ఉన్న రికార్డును లెక్క కట్టి చూడండి.
4. మన సంఘంలో ఎవరైనా ఈ వ్యాపారం చేస్తుంటే, వాళ్లను దూరం పెట్టకుండా ఎలా మాట్లాడాలి?

ఈ నెల పని: ప్రతి బుద్ధ విహారం నుంచి ఒక సమాచార హక్కు దరఖాస్తు. మీ జిల్లాలో ఎంతమంది బ్రీడర్లు రిజిస్టరయ్యారు, ఎన్ని తనిఖీలు జరిగాయి, ఈ రెండే అడగండి. వచ్చిన జవాబును విహారం నోటీసు బోర్డు మీద అంటించండి. చదువురాని పెద్దలకు చదివి వినిపించండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.